గళ్లలో చిక్కిన బాపు పాట

నేను ఆసిఫాబాద్‌లో తెలుగు పంతులును. బడిలో మాతృభాష మీద ఉపన్యాసం దంచి, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఇంగ్లీషు పేర్లు పెట్టుకోవడానికి నాకు మనసొప్పదు. అందుకే నా ఫైళ్లన్నిటికీ తెలుగు పేర్లే. ఇంట్లోవాళ్లు దీన్ని నా జబ్బుల్లో ఒకటిగా లెక్కేస్తారు.

నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలవడం మా ఇంటి అలవాటు. బాపు పోయి ఏడాది అయింది. మందమర్రిలో గని పని చేస్తూనే కాలనీ చర్చిలో పాటల బృందాన్ని నడిపిన మనిషి. జ్ఞాపకార్థ కూడికలో ఆయన గొంతుతో ఒక్క పాట వినిపించాలని అవ్వ పట్టు. అంతకుమించి ఆమె ఏమీ అడగలేదు. వంటలు కూడా మా ఇష్టానికే వదిలేసింది.

మా క్వార్టర్‌లో జరిగిన ప్రాక్టీసులను అప్పట్లో ఫోన్లో రికార్డు చేసి పెట్టాను. 'బాపు పాట', 'బాపు తిట్లు' అని విడదీసి మరీ పేర్లు పెట్టాను. నిజం చెప్పాలంటే రెండో రకమే ఎక్కువ. అన్నిటినీ ఒక జిప్ ఫైల్లో మూటగట్టి మైకుసెట్టు అతనికి పంపి, నా పని అయిపోయిందనుకున్నాను.

మందమర్రి చర్చిలో కూడిక మొదలవుతుంటే అతను లాప్‌టాప్ నావైపు తిప్పాడు. మూట విప్పితే ఫైళ్ల పేర్లలో ఒక్క తెలుగు అక్షరం లేదు. గ్రీకు ఆల్ఫాలు, వాటి మధ్య మసక మసక గళ్లు, అక్కడక్కడ ఒక పావు భాగం (¼) గుర్తు. చివరనున్న ఎంపీత్రీ మాత్రం దొరలా చెక్కుచెదరకుండా ఉంది.

"ఇంగ్లీషుల పెడ్తే గీ పరేషాన్ ఉండకపోవు సార్."

"నేను పంపినప్పుడు మంచిగనే ఉండె."

"మీ దాంట్ల ఉంటయి సార్. నా సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాదు."

మా బడిలో తెలుగు రాకపోతే ఫెయిల్. సాఫ్ట్‌వేర్‌కు రాకపోతే తప్పు తెలుగుదే. నాకు ఒళ్లు మండింది. ఒక్కొక్కటి విని చూద్దామంటే ఇయర్‌ఫోన్ లేదు. అసలు ఫైళ్లు ఆసిఫాబాద్‌లో, ఇంటి కంప్యూటర్‌లో ఉన్నాయి. ఈలోగా పాస్టర్ "ఇప్పుడు మన సోదరుని పాట విందాం" అని ప్రకటించేశాడు. ముందు బెంచీ మీద అవ్వ కొంగు సర్దుకుని కూర్చుంది.

మైకు అతను దేవుని మీద భారం వేసి ఒకటి నొక్కాడు.

"ఎవడ్రా గా డోలక్ కొట్టేది?" బాపు గొంతు చర్చంతా మోగింది. "తాళం ఏడికి వోయింది? గనిల గిట్ల జేస్తే కప్పు నెత్తి మీద వడ్తది."

బృందంలో పాతవాళ్లు చప్పున నడుములు నిటారు చేశారు. మనవలున్న డోలక్ అతను తల దించుకున్నాడు. పాస్టర్ ఏ ముఖం పెట్టాలో తెలియక కళ్లు మూసుకుని ప్రార్థనలోకి దిగాడు. ఆపమని నేను సైగ చేశాను.

"ఉండనియ్యి బిడ్డా," అంది అవ్వ.

తిట్లు అయిపోయాయి. ఎవరో దగ్గారు. తర్వాత బాపు గొంతు మెత్తబడింది.

"ఏమే, చాయ్ ఏమాయె?"

అవ్వ అలవాటుగా బెంచీ మీంచి లేచింది.

"తెస్తున్న," అంది.