మామయ్య కొననన్న భాష

తొంభైల చివర్లో జార్జి టౌన్‌లో మా మామయ్యకు తాళ్ళ టోకు దుకాణం ఉండేది. పక్క దుకాణంలో కంప్యూటర్ బిల్లులు కొట్టడం చూసి ఆయనా ఒకటి కొన్నాడు. దానికి ప్రోగ్రాం రాసే పని, కోర్సు పూర్తిచేసి ఖాళీగా ఉన్న నా మీద పడింది. విండోస్‌లో బొత్తాలు నొక్కితే పనిచేసేలా రాస్తానని గొప్పలకు పోయాను. తీరా విచారిస్తే, అందుకు కావలసిన విజువల్ బేసిక్ అనే ప్రోగ్రాం భాష ధర వేలల్లో ఉంది. కొనాలని మామయ్యకు చెప్పాను.

"భాషకు దుడ్లేందిరా? ఇన్ని తరాలుగా ఈ తమిళ దేశంలో ఉండాం. తమిళం మనకు సుమ్మానే, కాసు ఖర్చు లేకుండా వచ్చిందే," అన్నాడు మామయ్య.

"ఇది కంపెనీవాళ్ళ భాష మామా."

"అట్లయితే వాళ్ళనే మాట్లాడుకోమను."

దొంగ కాపీ తెస్తానన్నాను. దొంగ సరుకు దుకాణంలోకి రాకూడదన్నాడు. బరువు తూగడానికి తాళ్ళు తడిపి అమ్మే మనిషికి ఈ నిష్ఠ ఎక్కడినుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి.

చివరకు పాత పుస్తకాల అంగట్లో ఒక విదేశీ కంప్యూటర్ పత్రిక దొరికింది. దానితో ఇచ్చిన సీడీలో, పాస్కల్ భాషలో విండోస్ ప్రోగ్రాములు రాసుకునే సాధనం పాత వెర్షన్ ఉచితంగా ఉంది. దాంతోనే రాశాను. బొత్తాం నొక్కగానే బిల్లు వచ్చింది.

"పత్రిక కొంటే ప్రోగ్రాం ఇస్తా ఉండారు," అని మామయ్య వీధంతా చాటాడు. ఎదురు దుకాణం ఆయన వెంటనే వెళ్ళి ఏదో పత్రిక కొనుక్కొచ్చాడు. అందులోని సీడీలో కార్ల పందెం ఆట తప్ప మరేమీ లేదు. ఆయన మధ్యాహ్నాలు ఆ ఆటే ఆడుకుంటూ, బిల్లులు మాత్రం చేత్తోనే రాసుకున్నాడు.