గంటా పది నిమిషాల దూరం

అక్క నిద్రలనే పోయిందని కాకినాడ నుంచి బావ ఫోన్ చేసినప్పుడు పొద్దున ఏడైంది. అశోక్‌నగర్‌ల మా ఇంట్ల అప్పుడే చాయ్ తాగుతున్న. "ఎప్పటికి వస్తావు?" అని ఒక్కటే అడిగిండు. మా దిక్కు ఆడబిడ్డ పోతే పుట్టింటి చీర కప్పనిది పాడె లేపరు. అమ్మానాన్న లేరు. అక్కకు తోడబుట్టినోన్ని నేనొక్కన్నే. ఆ చీర నేనే తీస్కపోవాలె.

ఫోన్‌ల చూసిన. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి విమానం గంటా పది నిమిషాలు. పదకొండింటికి ఒకటుంది. "పన్నెండున్నరకల్లా ఆడుంట బావా, నేనొచ్చేదాక లేపకుండ్రి" అన్న. నా బుద్ధి గడ్డి తిన్నది! ఆ టైము విమానానిది, నాది కాదు. ఇంటికాడికెల్లి శంషాబాద్‌కు, మళ్ల రాజమండ్రికెల్లి కాకినాడకు ఉన్న రోడ్డు యాదికే రాలే.

చిక్కడపల్లిల చీరల దుకాణాలు ఇంకా తెరవలే. తెలిసిన సేటు ఇంటికి పోయి, బతిమాలి షట్టర్ లేపించిన. అక్కకు ఏ రంగు ఇష్టమో ఎంత ఆలోచించినా తోచలే. చేతికందిన ఎర్రచీర తీసుకున్న. నారాయణగూడ చౌరస్తాల క్యాబ్ ఇరుక్కున్నది. "అన్నా, జర జల్ది" అంటె, "ఏడికెల్లి పోవాలె సార్, ఎగరాల్నా?" అన్నడు డ్రైవర్. నేను ఎయిర్‌పోర్టుల అడుగు పెట్టేసరికి కౌంటర్ మూసిండ్రు.

రెండింటికి ఇంకో విమానం దొరికింది. "అది గూడ గంటనే బావా" అన్న, సిగ్గులేకుండ.

ఐదు దాటినంక అక్క ఇంటి ముందు దిగిన. వాకిలి కడిగేసి ఉన్నది. పొద్దుగూకకముందే దహనం కావాలని నాలుగింటికే తీస్కపోయిండ్రట. మేనకోడలు అరుగు మీద కూసోని ఉంది. "మీకోసం చాలాసేపు చూశాం మామయ్యా. ఇక లాభం లేదని, 'పుట్టింటిదాన్ని నేనే అనుకోండి' అని పక్కింటి పిన్నిగారు చీర కప్పింది" అన్నది. పిల్ల నన్ను ఒక్క మాట అనలే. నాలుగు తిట్టినా బాగుండు. నేను తెచ్చింది కవర్లకెల్లి తియ్యనే లే.

రైలే దిక్కయిన రోజుల్ల రాత్రంతా ప్రయాణం చేసి, ఏడాదికి రెండుసార్లన్న అక్క కాడికి పోయెటోన్ని. విమానం మొదలైనంక, గంటనే కదా, ఎప్పుడన్న పోవచ్చు అనుకుంట మూడేండ్లాయె, మొఖం చూపియ్యలే. దగ్గరైందని పోవుడే బంద్ జేసిన. నాసొంటి పాపిష్టి తమ్ముడు ఇంకొకడు ఉంటడా?

వాపసు టికెట్ గూడ తెల్లారి పొద్దటికే కొని పెట్టుకున్న. "రేపే వెళ్ళిపోతారా మామయ్యా?" అని మేనకోడలు అడిగితే పోనన్న. పదకొండు దినాలు అక్క ఇంట్లనే ఉన్న. అక్క బతికున్నప్పుడు ఒక్కపారి గూడ అన్ని దినాలు ఉండలే.