నర్సింగం కిటికీ పిడి

ఆదివారం పొద్దున నర్సింగం తన క్వార్టరు కిటికీ పిడికి అద్దం వేలాడదీసుకుని గడ్డం గీసుకుంటుండగా పిడి విరిగింది. అద్దం పగలలేదు. మీసం మాత్రం ఎడమవైపు సగం పోయింది. మిగిలిన సగాన్ని ఆయనే తీసేశాడు.

నేను పక్క క్వార్టరులో ఉంటాను కనుక మిగతాది కూడా చెప్పగలను. నర్సింగం గోదావరిఖని బొగ్గు బాయిలో ఇరవై ఏడేళ్లుగా హాలేజీ ఇంజను నడుపుతున్నాడు. బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే ఇంజను అది. ఆ వారం రాత్రి షిఫ్టు. పగలు నిద్రపోకపోతే రాత్రి కునుకు తప్పదు. ఆ తాడు దగ్గర కునికితే కింద పనిచేసేవాళ్ల ప్రాణాలకే ముప్పు. ఒకసారి కునికి, మాట కూడా పడ్డాడు. ఇప్పుడేమో కిటికీ రెక్కను బిగించే పిడే లేదు. తాడుతో కడితే మధ్యాహ్నం పక్క ఓపెన్‌కాస్టు గనిలో బండలు పేల్చే బ్లాస్టింగుకు రెక్క దడదడా కొట్టుకునేది. సందులోంచి నల్లదుమ్ము వచ్చి నోట్లో పడేది.

"థూ! రాత్రి తిన్నది చాలదని పగలు గూడ బొగ్గే తినాల్నా?" అంటూ లేచి కూర్చునేవాడు.

మూడు రోజులు నిద్రలేక, బుధవారం నన్ను వెంటబెట్టుకుని చౌరస్తాకు బయల్దేరాడు. నన్నెందుకంటే, నాకు స్కూటరుంది.

మన దగ్గర ఇంట్లో చావైతేనే మగవాడు మీసం తీస్తాడు. ఆ సంగతి ఇద్దరమూ మరిచిపోయాం. మొదటి ఇనుప సామాను దుకాణం నడిపే సంధ్యారాణి ఆయన్ను చూస్తూనే లేచి నిలబడింది.

"అయ్యో కాకా, ఎవలు కాలం జేసిన్రు?"

"ఎవలు జెయ్యలె బిడ్డా. కిటికీ పిడి గావాలె."

ఆమె విరిగిన ముక్కను అటూ ఇటూ తిప్పింది. "గిసొంటివి ఇప్పుడు యాడ దొరుకుతయ్ కాకా?" అని అల్యూమినియం పిడి ఒకటి ఇచ్చింది. నర్సింగం రెండు వేళ్లతో నొక్కితే వంగింది.

"ఇది పిడా, అప్పడమా? ఛీ!"

రెండో దుకాణంలో ముందు పరామర్శ, తర్వాత ప్లాస్టిక్ పిడి. మూడో దుకాణాయన కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "అవ్వకు ఎన్నేండ్లుంటయే?" అని మెల్లగా అడిగాడు. ఆ అవ్వ, అంటే నర్సింగం తల్లి, అప్పుడు ఇంట్లో చేపల కూరతో అన్నం తింటోంది. నీళ్లు మాత్రం నేను తాగాను. దానికి దారి పొడుగునా తిట్లు తిన్నాను.

చివరికి పాత ఇనుప సామాను అమ్మే అబ్దుల్ వహాబ్ దగ్గరికి చేరాం. ఆయన నోరు తెరవకముందే నర్సింగం అరిచాడు.

"ఎవలు సావలె! పిడే సచ్చింది!"

"మంచిదే గదన్నా, గంత గుస్సా ఎందుకు?" అని వహాబ్ ఒక సంచి బోర్లించాడు. కూలగొట్టిన క్వార్టర్ల పిడులు, గట్టి ఇనుము. నర్సింగం ముఖం విచ్చుకుంది. ఒక్కొక్కటే తిప్పి చూశాక మళ్లీ ముడుచుకుంది.

"అన్నీ ఎడమ రెక్కయే. కుడియ్యి ఏయి?"

"మొన్ననే కాసిపేటాయన తీస్కపోయిండన్నా."

నర్సింగం ఉమ్మబోయి, దుకాణమని మింగాడు. అయినా ఒకటి తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి ఎన్ని విధాల పెట్టినా అది లోపలివైపు కుదరలేదు. అదే పిడి రెక్కకు బయటివైపు పెడితే సరిగ్గా కూర్చుంది. నాలుగు మరలు బిగించి, బయట నుంచి మూసి, లోపలికొచ్చి పడుకున్నాడు. బ్లాస్టింగు అయింది. రెక్క కదల్లేదు.

వాకిట్లోంచి ఆయన భార్య మల్లక్క ఆ పిడిని చూసి నెత్తి కొట్టుకుంది. "ఏందయ్యా, పిడి బయటికి వెట్టినవు? దొంగలు తెరువరా?"

నర్సింగం ముఖం మీదికి దుప్పటి లాక్కున్నాడు.

"తెరిస్తే తెరువనియ్యి, పోయేటప్పుడు మల్ల మూసి పొమ్మను."