నారా స్టేషన్ ముందు ఫొటో

జపాన్‌లో నోతో తీరంలోని ఆ చేపల ఊళ్లో ఫొటోలు తీసేది ఫుసాజీ ఒక్కడే. ఏటా మే నెలలో బడిపిల్లలను నారా, క్యోటో గుడులు చూపించడానికి తీసుకెళ్తుంటే, కెమెరా భుజాన వేసుకుని ఆయనా రైలెక్కేవాడు. నారా గుళ్ల దగ్గర తిరిగే జింకలకు తినిపించబోయి కేకలు పెట్టే పిల్లలన్నా, మహాబుద్ధుడి ముందు నోరు తెరిచి నిలబడే పిల్లలన్నా ఆయనకు ప్రాణం.

తన చిన్నప్పటి యాత్ర మాత్రం ఆయనకు దక్కలేదు. బయలుదేరే ముందురోజే గవదబిళ్లలు వచ్చాయి. రానివాళ్ల ముఖాన్ని తర్వాత విడిగా తీసి, గ్రూపు ఫొటో పైమూల గుండ్రంగా అతికించడం అక్కడి ఆనవాయితీ. తోటివాళ్లంతా గుడి ముందు ఇకిలిస్తుంటే, బూరెబుగ్గలతో ఫుసాజీ ఆకాశంలో వేలాడుతున్నాడు. "నువ్వప్పుడే స్వర్గానికి పోయావురా" అని ఏ పెళ్లిలో కలిసినా ఏడిపించేవారు. ఆయనా నవ్వేవాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సయించేది కాదు.

ఒక ఏడాది, బుద్ధుడి గుడి ముందు ఫొటో తీయాల్సిన పొద్దున, చినాత్సు అనే పిల్ల జ్వరంతో సత్రంలోనే పడుకుండిపోయింది.

"గుండ్రంలో పెట్టేయండి ఫుసాజీగారూ. మీకు అలవాటేగా" అన్నాడు ఒగినో మాస్టారు.

"పెట్టను మాస్టారూ. రేపు రైలెక్కే ముందు స్టేషన్ దగ్గర తీస్తా. అప్పటికి లేచి నిలబడుతుంది."

"బుద్ధుణ్ణి చూడ్డానికొచ్చి స్టేషన్ సైకిళ్ల ముందు ఫొటోనా? తల్లిదండ్రులు నన్ను నమిలేస్తారు. పోనీ, రెండూ తీయండి."

"రెండూ తీస్తే అందరూ బుద్ధుడిదే కొనుక్కుంటారు. ఫుసాజీకి పిచ్చెక్కిందని చెప్పండి. ఆ పిల్లని మాత్రం నేను పైకెక్కించను."

"మీ ఇష్టం. తిట్లు కూడా మీరే తినాలి మరి."

మర్నాడు చినాత్సు తూలుతూనే వచ్చింది. స్నేహితురాళ్లిద్దరు చెరోవైపు నడుం పట్టుకున్నారు. కాళ్ల దగ్గర సంచులు, వెనక సైకిళ్లు. ఫుసాజీ మీట నొక్కాడు.

ఊరు ఆయన మీద దుమ్మెత్తిపోసింది. మరుసటి ఏడు బడివాళ్లు పక్క ఊరి ఫొటోగ్రాఫర్‌ని పిలుచుకున్నారు. ఫుసాజీ మళ్లీ నారా చూడలేదు. మే నెల వస్తే చాలు, ఆ జింకలు కళ్లలో మెదిలి మనసు పీకేది.

చాలా ఏళ్ల తర్వాత ఆ పిల్లలంతా విందుకు కలిసి, ముసలి ఫుసాజీనీ పిలిచారు. ఆనాటి స్టేషన్ ఫొటో ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్లింది.

"ఇదేంటర్రా, బుద్ధుడేడి?" అన్నారెవరో.

"ఆరోజు వాన కదరా" అన్నాడు ఇంకొకడు.

"అవునవును. నా బూట్ల నిండా నీళ్లే" అంది చినాత్సు, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతూ.

నారాలో వాళ్లు ఉన్నన్నాళ్లూ చినుకు పడలేదు. జ్వరం సంగతి ఒక్కరికీ గుర్తులేదు, ఆఖరికి చినాత్సుకూ లేదు.

"కదా బాబాయ్?" అని ఆమె ఫుసాజీ వైపు తిరిగింది.

"కుండపోత" అన్నాడు ఫుసాజీ.