టీచరమ్మ ఒప్పుకోని రిక్వెస్టు

లెక్కల టీచరమ్మ పాఠాలు చెప్పినన్నాళ్లూ ఒక్క నియమం తప్పలేదు. బడిలో చదువుతున్న పిల్లల్లో ఎవరి ఫ్రెండ్ రిక్వెస్టూ ఫోన్‌లో ఒప్పుకునేది కాదు. ఆఖరి తరగతి ఫలితాలు వచ్చిన రోజున మాత్రం వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, ఆ ఏడు బడి దాటినవాళ్లందరినీ వచ్చిన వరసలో చేర్చుకునేది.

ఆమె కూతురూ ఆ బడిలోనే, ఆమె క్లాసులోనే ఆఖరి తరగతి. ఆ పిల్ల రిక్వెస్టు రెండేళ్లుగా మూలుగుతోంది. కిందటేడు తల్లి, "వీడు భిన్నాలంటే వణికేవాడు," "ఇది బంగారుతల్లి" అంటూ ఒక్కొక్కరినీ చేర్చుకుంటుంటే కూతురికి ఒళ్లు మండిపోయింది. తనని ఎన్నడూ అలా అన్న పాపాన పోలేదు!

ఓ సాయంత్రం తల్లి స్నానానికి వెళ్లగానే ఆమె ఫోన్ తీసి, తన రిక్వెస్టు తనే ఒప్పేసుకుంది.

టీచరమ్మ ఫ్రెండ్స్‌లో కూతురి పేరు కనబడేసరికి, మర్నాటికి సంగతి క్లాసంతా గుప్పుమంది.

"మీ అమ్మాయికో రూలు, మాకో రూలా టీచర్?" వెనక బెంచీ పొడుగోడు అడిగేశాడు.

టీచరమ్మ కూతురి వంక చూసింది. "ఎవరు నొక్కారు?"

"నేనే... టీచర్."

"నా ఫోన్ ఎందుకు ముట్టుకున్నావో ఇంట్లో అడుగుతా. ఇక్కడ మాత్రం వీళ్లకి లేనిది నీకూ లేదు." అందరి ముందే ఫోన్ తీసి కూతుర్ని తొలగించింది.

ఇంటిదారిలో కూతురు ముక్కు చీదుతూనే ఉంది.

"నేను నీ కూతుర్ని కాదామ్మా?"

"అందుకేనే. రేపు నీకు మంచి మార్కులొస్తే, అవి నువ్వు తెచ్చుకున్నవేనని ఎవరు నమ్ముతారు?"

కొత్తగా పంపిన రిక్వెస్టు అందరికన్నా అడుగున పడింది. ఫలితాల రోజు కూతురు బల్లకి ఎదురుగా గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. పొడుగోడి పేరు రాగానే తల్లి, "పోకిరీ, కానీ అబద్ధమాడడు" అని మురిసిపోయింది. ముందు బెంచీ పిల్లకైతే ముసిముసి నవ్వొకటి. పేరు పేరుకీ కూతురి మొహం ముడుచుకుపోతోంది.

చివరికి ఆ పిల్ల వంతు వచ్చింది. టీచరమ్మ ఏమీ అనకుండా నొక్కేసి, ఫోన్ పక్కన పెట్టింది.

"నాకేం లేదా?"

"వాళ్లు వెళ్లిపోయారే. నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా."

"అయినా నాకూ ఓ మాట కావాలి."

"మొండిఘటం!"

కూతురి మొహం విప్పారింది. వెంటనే తన ఫోన్ తెరిచి, ఆ పూట చేరినవాళ్లలో ఎవరి ఫొటో కింద అమ్మ ముందుగా ఏం రాస్తుందోనని కాపలా కూర్చుంది.