మోహన ఉండే చోటు

అనుమానం ముందు పుట్టి తర్వాత నేను పుట్టానని మా అమ్మ అనేది. పాలవాడు నీళ్ళపాలు పోస్తే తిట్టి ఊరుకునేదాన్ని గానీ, చిక్కటి పాలు పోసిన రోజున మాత్రం ఇవాళేదో ఉందని పొద్దంతా ఆలోచించేదాన్ని. అలాంటి నన్ను విజయనగరం నుంచి తీసుకొచ్చి, కలకత్తా పక్కన లిలువాలో, రైల్వే క్వార్టర్సులో, నోరు విప్పని మనిషితో కాపురానికి పెట్టారు. ఎర్రజెండాల ప్రభుత్వం రెండోసారి గెలిచిన కొత్తలవి. వారానికో ఊరేగింపు, పూటకో కరెంటు కోత.

మా ఆయన వర్క్‌షాపు ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో ఆయన మాట్లాడితే కూరలో ఉప్పు గురించి, లేకపోతే పోయిన కరెంటు గురించి. నెలకో రెండు శనివారాలు మాత్రం మధ్యాహ్నం ఇంటికొచ్చి, మోకాళ్ళ దగ్గర మాసికలు వేసిన పంట్లామూ కేన్వాసు బూట్లూ తొడుక్కుని, మెడకు దుర్భిణి తగిలించుకుని బయల్దేరేవారు. మళ్ళీ ఆదివారం రాత్రికే రావడం.

"ఎక్కడికండీ?" అని అడిగితే, "పిట్టల్ని చూడ్డానికి" అనేవారు.

"ఎక్కడుంటాయవి?"

"దక్షిణాన. దూరం."

అంతే. ఇంకో ప్రశ్న వేసేలోపు గుమ్మం దిగిపోయేవారు.

పక్క క్వార్టరులో శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ ఒక పెద్దావిడ ఉండేది. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. ఆవిడతో ఈ సంగతి చెప్పుకున్నాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండా అంది: "పెల్లయిన మొగోడు శనారం ఎల్లి ఆదారం రాతిరికొచ్చి పిట్టల్ని సూసొచ్చేనంటే, అది రెక్కలున్న పిట్టేనేటే పిల్లా?"

పిట్ట అన్న మాటకి ఇంకో అర్థం ఉందని నాకూ తెలుసు. ఆవిడ అనేదాకా పైకి అనుకోలేదంతే.

ఆ రోజు నుంచి ఆయన బట్టలు నేను ఉతికేది తక్కువ, సోదా చేసేది ఎక్కువ. పంట్లాం మోకాళ్ళ దాకా బూడిదరంగు బురద, సిమెంటులా పట్టేసి ఉండేది. చొక్కా వీపు మీద తెల్లటి ఉప్పుచారలు. ఒకసారి జేబులో గోధుమరంగు ఈక దొరికింది. ఆడదాని కోసం వెళ్ళేవాడు ఇస్త్రీబట్టలు వేసుకుంటాడు గానీ ఇలా వెళ్తాడా అని మనసులో ఒక మూల అనేది. ఇస్త్రీబట్టలైతే దొరికిపోతాడని ఇలా వెళ్తున్నాడని ఇంకో మూల జవాబు చెప్పేది. వీధిలో క్లబ్బు కుర్రాళ్ళు కూడా ఒకసారి ఆయన్ని ఆపి, దూర్‌బీన్‌తో ఎవరి మీద కన్నేశావు దాదా అని నిలదీశారు. వాళ్ళు ఆయన్ని గూఢచారి అనుకున్నారట. పిచ్చి వెధవలనుకుని నవ్వుకున్నాను. నా అనుమానంతో పోలిస్తే వాళ్ళది చాలా చిన్నది.

ఒక సాయంత్రం ఆయన ఆఫీసు స్నేహితుడు, ఈ ప్రయాణాల్లో అప్పుడప్పుడు తోడు వెళ్ళే బెంగాలీ ఆయన, మా వరండాలో కూర్చున్నాడు. నేను లోపల టీ కాస్తూ చెవులు బయటపెట్టాను. "షీతే మొహొనా దారుణ్ షుందొర్, దాదా" అన్నాడతను. చలికాలం అన్నది తెలిసింది. షుందొర్ అంటే సుందరం, అదీ తెలిసింది. దారుణ్ అంటే వీళ్ళ భాషలో మహా గొప్పగా అని తర్వాత తెలిసింది గానీ, అప్పటికి మాత్రం దారుణమైన అందం అనే అర్థం చేసుకున్నాను. మధ్యలో ఆ మొహొనా ఎవరు?

ఇక్కడివాళ్ళకి జలం జొల్, ఫలం ఫొల్, కమలం కొమొల్. నోట్లో రసగుల్లా పెట్టుకున్నట్టు ప్రతి అక్షరాన్నీ గుండ్రంగా చేస్తారు. ఆ గుండ్రాలు విప్పి చూస్తే మొహొనా అంటే మోహన. ఇంతలో మా ఆయన గొంతు, నాతో ఎప్పుడూ వాడని మెత్తటి గొంతు, వినిపించింది: "ఆమార్ తో మొహొనా ఛాడా చొలే నా."

ఛాడా అంటే లేకుండా, చొలే నా అంటే కుదరదు. ఆ రెండు ముక్కలూ కూరల బజారులో నేర్చుకున్నవే. మోహన లేకపోతే నాకు కుదరదు అంటున్నాడు నా మొగుడు, నేను కాస్తున్న టీ కోసం కూర్చుని. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. కోపం కంటే ముందు భయం వేసింది.

పిన్నికి చెబితే, "మోహనా? పేరే అలాగుంటే మొకం ఎలాగుంటాదో సూసుకో" అని నిట్టూర్చింది. ముప్ఫయ్యేళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్న మనిషే. కానీ ఆవిడ బెంగాలీ అంతా చేపల దగ్గరా కూరల దగ్గరా ఆగిపోయింది. ఆ మాట ఆవిడకీ తెలీదు.

నా బట్టలు ట్రంకుపెట్టెలో సర్దేశాను. హౌరాలో మెయిలెక్కి పుట్టింటికి పోవడమే. అయితే ఆ మోహన మొహం చూడకుండా పోతే, చచ్చేదాకా ఊహించుకుంటూనే ఉంటాను. అందుకని ఆ శనివారం ఆయన బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే, "నేనూ వస్తాను" అన్నాను.

ఆయన చేతులు ఆగిపోయాయి. "అక్కడ నీకేం తోస్తుంది? అంతా బురద."

"బురదే చూస్తాను."

ఆయన మొహంలో రంగు మారడం నేను చూశాను. ఇంకేం కావాలి నాకు?

హౌరా దాకా లోకల్లో, ధర్మతలా నుంచి బస్సులో, నామ్‌ఖానా అనే ఊరు చేరేసరికి చీకటి పడింది. దారంతా ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు, నేను ఆయన్ని చూస్తూనే ఉన్నాను. ఆ పూట పడవ నడిపే అతని ఇంట్లో దిగాం. ఇంట్లో ఆడవాళ్ళని ఒక్కొక్కరినే పరీక్షగా చూశాను. ఒకామె పండు ముసలిది, ఇంకొకామె నిండు గర్భిణి. వీళ్ళు కాదు. అయితే మోహన ఇంకా ముందుంది.

తెల్లవారగానే పడవెక్కాం. కాలువలాంటి ఏరు మలుపు తిరిగేకొద్దీ వెడల్పయింది. అది పాటు సమయం, నీళ్ళు వెనక్కి పోయి, రెండు పక్కలా బురదగట్లు నిలువునా కోసేసినట్టు బయటపడ్డాయి. అలలు తవ్వేసిన చోట చెట్లు తలకిందులై, వేళ్ళు ఆకాశంలోకి చాపుకుని పడున్నాయి. బురదలోంచి మేకులు దిగ్గొట్టినట్టు వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటి మధ్య వేలెడు చేపలు నీళ్ళు లేకుండానే గెంతుతున్నాయి. చేప నేల మీద నడవడమేమిటని దాన్ని కూడా అనుమానంగా చూశాను. ఎర్రటి పీతలు, ఒక డెక్క చిన్నది ఒక డెక్క పెద్దది, గట్టంతా కప్పేసి ఉన్నాయి. పడవ నీడ పడిందో లేదో, అన్నీ ఒక్కసారే బొరియల్లోకి దూరిపోయాయి. కాసేపటికి ప్రతి బొరియలోంచీ రెండు కళ్ళు. దుంగ అనుకున్నది మొసలి అయింది. అవతలి గట్టు అడవివైపు పడవని పోనివ్వనన్నాడు పడవతను, పులి పేరెత్తకుండా చేత్తో ఒంటి మీద చారలు గీసి చూపించాడు. ఇక్కడ ప్రతి ప్రాణీ నాలాంటిదే, ముందు అనుమానించి తర్వాత చూస్తుంది అనుకున్నాను. ఆ మాట అనుకున్నాక భయం కాస్త తగ్గింది.

మా ఆయన మాత్రం వేరే మనిషైపోయారు. పడవ ముక్కు మీద బోర్లా పడుకుని, వంకర ముక్కు ఉల్లంకి పిట్టల గుంపుని చూసి ముసిముసిగా నవ్వుతున్నారు. అవి ఎక్కడో మంచుదేశాల నుంచి వస్తాయనీ, ఈ బురదలో పురుగుల కోసమే అంత దూరం ఎగురుతాయనీ పడవతనికి చెబుతూ, అతని భుజం మీద చరుస్తున్నారు. గుమాస్తా గొంతు కాదది. గడగడా మాట్లాడుతున్నారు. వెనక్కి తిరిగి నన్ను చూసినప్పుడల్లా మాత్రం, మా ఇంట్లో ఉండే మొహం మళ్ళీ వచ్చి కూర్చునేది.

ఇక ఆగలేక పడవతన్ని అడిగాను. "మొహొనా కోథాయ్?" మోహన ఎక్కడ?

నేను మోహన గుడిసె కోసం వెతుకుతున్నానని అతనికేం తెలుసు. తెడ్డు వదిలి, చెయ్యి పూర్తిగా చాపి, ఎదురుగా ఉన్న నీళ్ళన్నీ చూపించాడు. ఏరు అక్కడ అయిపోయింది. అవతల ఒడ్డే లేదు, సముద్రం.

"ఏయ్ తో మొహొనా, మా" అన్నాడు. ఇదేనమ్మా. ఏరు సముద్రంలో కలిసే చోటుని వీళ్ళు మొహొనా అంటారు.

ముందు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఎప్పుడో ఏడుపయింది. ఆయన చూసి, ఉప్పుగాలి కళ్ళలో కొట్టిందా అన్నారు. అవునన్నాను.

తిరుగు బస్సులో అంతా చెప్పేశాను, ట్రంకుపెట్టె సంగతితో సహా. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"అడగొచ్చుగా" అన్నారు.

"మీరు చెప్పొచ్చుగా."

కిటికీవైపు తిరిగి అన్నారు. "అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు. అందుకే వెళ్తాను."

నిజం చెప్పాలంటే, మోహన ఆడదే అయుంటే బాగుండునని ఆ క్షణాన అనిపించింది.

పిన్నికి విషయం చెబితే పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. "ఓలమ్మా, ఏటి మొగేనేటే! నీ మొగుడు మొగకెల్తన్నాడన్నమాట. బతికిపోనావు పిల్లా" అంది. ఏరు సముద్రంలో కలిసే ఆ చోటునే మావైపు మొగ అంటారు. నేనూ నవ్వాను. బతికిపోయానని మాత్రం నాకు నమ్మకం కుదరలేదు.

మళ్ళీ శనివారం వచ్చింది. ఆయన సంచిలో నా పాత చీర ఒకటి మడిచి పెట్టాను. ఆయన చూశారు. కోప్పడలేదు. చీర బయటికి తీసి, మడత చెదరకుండా మంచం మీద పెట్టి, "ఈసారి పోటు ఎక్కువుంటుంది. నువ్వొద్దులే" అని వెళ్ళిపోయారు.

ఆ చీరవైపు చూస్తూ కూర్చున్నాను. మోహన మనిషే అయితే, నా పరువు నాకుంది కాబట్టి ఈ జన్మలో ఆ ఛాయలకి పోయేదాన్ని కాదు. కానీ అది నది. ఎవరి సొత్తూ కాదు. లేచి ఆ చీరే కట్టుకుని, తలుపుకి తాళం వేసి, లిలువా స్టేషనుకి నడిచాను.

ఆయన ప్లాట్‌ఫారం బెంచీ మీద ఉన్నారు. నన్ను చూశారు. ఆ చూపులో ఉన్నది విసుగో, ఇంకేదో, ఇన్నేళ్ళైనా నేను తేల్చుకోలేదు. హౌరా లోకల్ వస్తోందని గంట కొట్టారు. ఆయన పక్కనున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను ఆ చోటులో కూర్చున్నాను. నోటిదాకా వచ్చిన ప్రశ్నని మింగేసి, రైలు కోసం చూశాను.