దెబ్బ పడ్డాక అడ్డుకార్డు

మా అమ్మాయికి ఆటలో జోడీ లేదని, ఈ రోజు ఆబిడ్స్‌లోని ఓ దుకాణంలో కార్డుల ఆట నేర్చుకోవడానికి కూర్చున్నాను. ఎదుటివాళ్ళు దాడి కార్డు వేస్తే, దెబ్బ పడేలోపు మనం అడ్డుకార్డు వేయాలి; లేదంటే బల్ల మీది మన కార్డు పోతుంది. నేర్పుతానన్న కాలేజీ కుర్రాడు దాడి వేస్తూనే నా కార్డు తీసి పక్కన పడేశాడు.

"లేటైంది ఆంటీ. రూల్ అంటే రూల్!"

చెయ్యెత్తే వ్యవధి ఇస్తేగా! ఒళ్ళు మండింది. నా వంతు రాగానే దాడి వేసి, "అడ్డేస్తావా?" అని అడిగాను. లేదన్నాడు. తీరా అతని పెద్ద కార్డు తీసేశాక, "జర ఆగుండ్రి ఆంటీ, ఇప్పుడేస్తా. గింత దానికేంది?" అన్నాడు.

"పోనీలే మమ్మీ" అంది మా అమ్మాయి.

నేను పోనివ్వలేదు. తీసేసిన ఆ పెద్ద కార్డు మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను. మీరైతే చెయ్యి తీసేవారా?